మెదడు ప్రాణవాయువు పద్దు

మన దేహంలో చాలా అవయవాలకు కొంత నిలవ సంపద ఉన్నది. కాలేయం చక్కెరను మరొక రూపంలోకి మార్చి దాచుకొంటుంది. కండరాలు తమ ఎర్రదనంలోనే కాస్త ప్రాణవాయువును పట్టి ఉంచుకొంటాయి. చర్మం క్రింది క్రొవ్వు రోజుల తరబడి ఉపవాసాన్ని తట్టుకొనే బలం ఇస్తుంది. మెదడుకు మాత్రం ఇటువంటి గాదె లేదు. ఏ క్షణానికి కావలసిన ప్రాణవాయువును ఆ క్షణాన రక్తం మోసుకొని రావలసినదే. మెదడుకు పోయే రక్తం పూర్తిగా ఆగిపోతే పది సెకనుల లోపలనే మనిషి స్పృహ తప్పుతాడు. మరికొన్ని నిమిషాలు అదే విధంగా గడిస్తే చనిపోయిన నాడీకణాలను ఏ వైద్యుడూ బ్రతికించలేడు.

వయసు వచ్చిన మనిషి మెదడు సుమారు 1,400 గ్రాములు తూగుతుంది. అంటే దేహపు బరువులో నూటికి 2 పాళ్ళు. అయినా, విశ్రాంతిగా ఉన్న మనిషి వాడుకొనే ప్రాణవాయువులో నూటికి 20 పాళ్ళు ఈ చిన్న అవయవమే తీసుకొంటుంది. ఇది ఈనాడు బడిపిల్లలు చదివే వాక్యం. కాని ఈ లెక్క కట్టినవారు ఎవరు? గట్టి కపాలంలో భద్రంగా మూసి ఉన్న మెదడు, బ్రతికి మాట్లాడుతున్న మనిషి మెదడు, ఎంత ప్రాణవాయువును వాడుకొంటున్నదో ఏ త్రాసుతో తూచినారు? దాదాపు నూరేళ్ళు సాగిన ఆ ప్రయత్నమే నేటి మన ప్రసంగ విషయం. పక్షవాతంతో మంచాన పడిన ఎందరి బ్రతుకులో ఈ కొలతలతో ముడిపడి ఉన్నవి కనుక ఇది ప్రయోగశాలకు మాత్రమే పరిమితమైన ముచ్చట అనుకోరాదు.

ముందుగా ఒక సంగతి. ఇంత ప్రాణవాయువు మెదడులో ఏమవుతున్నది? రక్తం తెచ్చిన చక్కెరను నాడీకణం ప్రాణవాయువు సాయంతో మెల్లగా దహించి, వెలువడిన శక్తిని ఏ.టి.పి. అనే పదార్థంలో నింపుకొంటుంది. ఈ పదార్థాన్ని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలోని హార్వర్డులో సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు గారలు విడివిడిగా కనుగొన్నారు. సుబ్బారావుగారు భీమవరంలో పుట్టిన మనవారు. వారు పరిశోధించినది కండరాలను, కాలేయాన్ని. కాని ఆ పదార్థమే మెదడుకు కూడా చెల్లుబడి అయ్యే నాణెం. నాడీకణం తన లోపలి సోడియాన్ని బయటికి తోడిపోస్తూ, బయటి పొటాషియాన్ని లోపలికి లాగుకొంటూ ఉంటేనే సంకేతాలను పంపగలదు. ఆ తోడకం రాత్రింబగళ్ళు సాగవలసినదే. ఖర్చులో పెద్ద భాగం అక్కడనే.

ఈ ఖర్చును పట్టుకొనడానికి తొలి ప్రయత్నాలు 19వ శతాబ్దం చివరి భాగంలో జరిగినవి. ఇటలీలోని టురిన్ నగరంలో ఆంజెలో మోస్సో అనే శరీరశాస్త్రజ్ఞుడు, దెబ్బ తగిలి కపాలంలో కొంత ఎముక పోయిన ఒక రైతును పరీక్షించినాడు. ఆ చోట చర్మం క్రింద మెదడు నాడి కొట్టుకొనడం కంటికి కనిపించేది. మధ్యాహ్నం చర్చి గంట మ్రోగగానే ఆ కొట్టుకొనడం ఉధృతమైనది. గంట విని ప్రార్థన గుర్తు వచ్చినదా అని అడిగితే, ఆ జవాబు ఇచ్చేటప్పుడూ అట్లే జరిగినది. తరువాత మోస్సో మనిషిని నిలువునా పడుకోబెట్టే పెద్ద త్రాసు ఒకటి చేయించి, ఆలోచన సాగినప్పుడు రక్తం తలకు చేరి తలవైపు మొగ్గుతుందని చూపబోయినాడు. 1890లో కేంబ్రిడ్జిలో రాయ్, షెరింగ్టన్ అనే ఇద్దరు, మెదడు తన పని హెచ్చిన చోటికి తానే రక్తాన్ని రప్పించుకొంటుందని ప్రతిపాదించినారు. 1896లో లెనార్డ్ హిల్ అనే మరొక ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆ మాట సరి కాదన్నాడు. ఆయన మాటకే అప్పట్లో విలువ హెచ్చు. ఆ విధంగా ఒక మంచి ఆలోచన చాలా కాలం మరుగున పడి ఉండిపోయినది.

1928లో బోస్టన్ నగరంలో ఒక రోగి దానికి తిరిగి ప్రాణం పోసినాడు. అతని తల వెనుక భాగంలో, చూపుకు సంబంధించిన చోట, రక్తనాళాలు అసహజంగా గుంపు కట్టి పెరిగినవి. శస్త్రచికిత్స చేసినా వాటిని తీసివేయడానికి వీలు కాలేదు. అక్కడి ఎముకలో ఏర్పడిన ఖాళీ గుండా రక్తం పరుగెత్తే హోరు బయటికే వినిపించేది. కళ్ళు ఉపయోగించినప్పుడు ఆ హోరు హెచ్చుతున్నదని మొదట గమనించినది రోగియే. వైద్యుడు జాన్ ఫుల్టన్ దానిని యంత్రంతో నమోదు చేసినాడు. చిన్న అక్షరాలు చదువుతుంటే హోరు పెరిగేది. పొగాకు వాసన చూపిస్తే మారేది కాదు. చూపుకు సంబంధించిన భాగం చూచే పనికే స్పందిస్తున్నదన్న మాట. కాని ఈ పరిశీలనలన్నీ రక్తం హెచ్చినదనీ తగ్గినదనీ చెప్పినవే కాని, ఎంత అనే ప్రశ్నకు అంకెతో జవాబు ఇచ్చినవి కావు.

ఆ అంకెను తెచ్చినవారు అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన సేమూర్ కెటీ, కార్ల్ ష్మిట్ గారలు. వారు అనుసరించిన సూత్రం 1870లో జర్మన్ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ ఫిక్ చెప్పినదే. మన డెల్టా రైతుకు దానిని వివరించనక్కర లేదు. పొలంలోకి వచ్చే నీటిని తూము దగ్గర, బయటికి పోయే నీటిని మురుగుకాలువ దగ్గర కొలిస్తే, నడుమ పొలం త్రాగినది ఎంతో తెలిసిపోతుంది. మెదడుకు తూము ధమని. మురుగుకాలువ మెడలోని పెద్ద సిర. చెవి వెనుక ఎముక క్రింద సన్నని సూది గ్రుచ్చి ఆ సిరలోని రక్తాన్ని తీయవచ్చు. రెండు చోట్లా ప్రాణవాయువు ఎంతెంత ఉన్నదో చూస్తే తేడా దొరుకుతుంది. కాని కాలువలో నీరు ఎంత వేగంగా పారుతున్నదో కూడా తెలియాలి కదా! అందుకని వారు, పళ్ళ వైద్యులు నొప్పి తెలియకుండా ఇచ్చే నైట్రస్ ఆక్సైడు వాయువును, మత్తు కలగనంత పలుచగా, నూటికి 15 పాళ్ళు కలిపి, పది నిమిషాలు పీల్పించినారు. ఆ వాయువు మెదడులో ఖర్చు కాదు, కేవలం ఇంకుతుంది. అది ఎంత త్వరగా మెదడును నింపినదో కనుగొంటే రక్తప్రవాహం ఎంతో లెక్క కట్టవచ్చు.

పద్ధతిని 1945లో ప్రకటించినారు. సంపూర్ణమైన ఫలితాలు 1948లో వెలువడినవి. ఆరోగ్యవంతులైన యువకులలో నూరు గ్రాముల మెదడుకు నిమిషానికి 54 ఘన సెంటీమీటర్ల రక్తం ప్రవహిస్తున్నది. ఆ నూరు గ్రాములు నిమిషానికి 3.3 ఘన సెంటీమీటర్ల ప్రాణవాయువును వాడుకొంటున్నవి. మొత్తం మెదడుకు గుణిస్తే నిమిషానికి ముప్పాతిక లీటరు రక్తం, దాదాపు 46 ఘన సెంటీమీటర్ల ప్రాణవాయువు. మనం ఆరంభంలో చెప్పుకొన్న నూటికి 20 పాళ్ళ లెక్కకు ఇదే పునాది.

తరువాత వచ్చిన ఫలితాలు ఎవరూ ఊహించనివి. గాఢమైన మత్తులోను, వ్యాధుల వల్ల స్పృహ తప్పినప్పుడు మెదడు ఖర్చు బాగా పడిపోయినది. అది అనుకొన్నదే. కాని చిత్తభ్రమతో బాధపడే రోగులలో అది ఆరోగ్యవంతులతో సమానంగానే ఉన్నది. 1955లో ప్రకటించిన పరీక్షలలో, మనస్సులోనే కష్టమైన గుణకారాలు చేస్తున్నవారి మెదడు, ఊరక పడుకొన్నవారి మెదడు కంటె హెచ్చుగా వాడుకొనలేదు. నిద్రలో కూడా తగ్గినట్లు ఆనాడు తేలలేదు. గాఢనిద్రలో సుమారు నాల్గవ వంతు తగ్గుతుందని 1991లో డెన్మార్కు పరిశోధకులు, ఏ దశ నిద్రలో కొలుస్తున్నారో జాగ్రత్తగా విడదీసి చూచి నిర్ధారించినారు. ఏమైనా, మనం పని లేదనుకొన్న వేళ కూడా మెదడు ఊరక ఉండదని ఈ పద్దులు సాక్ష్యమిచ్చినవి.

అయితే కెటీ పద్ధతిలో ఒక లోపం ఉన్నది. ఆ లోపం ఆయనకే అందరి కంటె బాగా తెలుసు. అది మొత్తం మెదడుకు సరాసరి. జిల్లా అంతటి సరాసరి వర్షపాతం బాగున్నా, ఒక మూల గ్రామంలో చెరువు ఎండి ఉండవచ్చును. పక్షవాతం వచ్చిన రోగి విషయంలో వైద్యునికి కావలసినది ఆ ఒక మూల సంగతే. దానిని తెలుసుకొనాలంటే మెదడులో ప్రతి చోటి నుండి కబురు రావాలి. కబురు పంపగల దూత కావాలి.

ఆ దూత అప్పటికే పుట్టి ఉన్నది. 1934లో అమెరికాలోని బర్కిలీలో లివింగ్‌స్టన్, మెక్‌మిలన్ అనే భౌతిక శాస్త్రజ్ఞులు సైక్లోట్రాను యంత్రంతో రేడియోధార్మికమైన ప్రాణవాయువును తయారు చేసినారు. మామూలు ప్రాణవాయువు పరమాణు భారం 16; దీనిది 15. రసాయన గుణాలలో రెంటికీ భేదం లేదు. దేహం రెంటినీ ఒకే తీరున స్వీకరిస్తుంది. కాని ఈ రెండవది నిలకడ లేనిది. రెండు నిమిషాలకు సగం, మరి రెండు నిమిషాలకు మిగిలిన దానిలో సగం, ఇట్లా తరిగిపోతూ ఇరవై నిమిషాలకు వేయింట ఒక వంతుకు చేరుతుంది. తరిగేటప్పుడు ప్రతి పరమాణువూ పాజిట్రాను అనే కణాన్ని విసురుతుంది. అది దగ్గరలోని ఎలక్ట్రానుతో కలిసి రెండూ నశించి, ఒకదానికొకటి సరిగ్గా ఎదురు దిక్కులలో పోయే రెండు గామా కిరణాలుగా మారుతవి. తల చుట్టూ అమర్చిన గ్రాహకాలలో ఎదురెదురుగా ఉన్న రెండింటికి ఒకేసారి కిరణాలు తగిలితే, కబురు పంపిన పరమాణువు ఆ రెంటినీ కలిపే గీత మీద ఎక్కడనో ఉన్నదని తెలుస్తుంది. అటువంటి గీతలను లక్షలాదిగా పోగు చేసి, గణక యంత్రంతో చిత్రంగా కూర్చవచ్చును. రేడియో అనే మాటకు మూలం కిరణమనే అర్థమే కనుక, ఇదీ ఒక విధమైన ప్రసారమే. కేంద్రం మాత్రం మన తలలోపల ఉంటుంది.

కాని రెండు నిమిషాల ఆయువు గల వస్తువును ఆస్పత్రికి ఎవరు తేగలరు? అందువల్లనే చాలా ఏండ్లు వైద్యులు దీనిని పట్టించుకొనలేదు. రోగి ఉన్న చోటికే సైక్లోట్రాను రావాలి. 1955లో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆస్పత్రిలో వైద్యం కోసమే ఒక సైక్లోట్రానును నెలకొల్పినారు. 1960 ప్రాంతంలో అక్కడి జాన్ వెస్ట్ ప్రభృతులు ఈ ప్రాణవాయువును, దానితో చేసిన బొగ్గుపులుసు వాయువును మనుష్యుల చేత పీల్పించి, నిలబడి ఉన్నప్పుడు ఊపిరితిత్తుల పై కొనకు రక్తం చాలా తక్కువగా చేరుతుందని చూపినారు. మెదడు వంతు తరువాత వచ్చినది.

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో మిషెల్ టెర్-పొగోసియన్ అనే ఆయన ఈ విద్యకు అంకితమైనారు. అర్మేనియన్ తల్లిదండ్రులకు బెర్లిన్‌లో పుట్టి, ఫ్రాన్సులో పెరిగి, 1946లో అమెరికా చేరిన భౌతిక శాస్త్రజ్ఞులాయన. స్వల్పాయువు లోపం కాదనీ, అదే సుగుణమనీ ఆయన వాదం. త్వరగా తరిగిపోతుంది కనుక రోగికి కిరణాల హాని తక్కువ. కొద్ది నిమిషాలు ఆగి అదే మనిషి మీద మరొక కొలత తీయవచ్చును. 1970లో ఆయన బృందం, ఈ ప్రాణవాయువును పట్టిన రక్తాన్ని మెడ ధమనిలో ఎక్కించి మెదడు వాడకాన్ని భాగాల వారీగా కొలిచినది. అయితే ధమనిలోకి సూది గ్రుచ్చడం ప్రతి రోగికీ చేయదగిన పని కాదు. 1976లో టెర్రీ జోన్స్, చెస్లర్, టెర్-పొగోసియన్ గారలు సులువైన మార్గాన్ని ప్రకటించినారు. రోగి చేయవలసినది ఊపిరి పీల్చడమే.

ఆ పద్ధతిని మూడు వాయువుల కథగా చెప్పుకొనవచ్చు. మొదటిది ఈ ప్రాణవాయువుతో చేసిన బొగ్గుపులుసు వాయువు. పీల్చగానే ఊపిరితిత్తులలో దాని గుర్తు రక్తంలోని నీటికి మారుతుంది. ఆ నీరు రక్తంతోపాటు మెదడుకు చేరి, ఎక్కడ ఎంత ప్రవాహమున్నదో తెలుపుతుంది. రెండవది శుద్ధమైన ప్రాణవాయువే. అది రక్తం ద్వారా మెదడుకు చేరి, వాడుకొన్నంత మేర నీరుగా మారుతుంది. ఇది ప్రవాహాన్నీ వాడకాన్నీ కలిపి చూపుతుంది. మూడవది, అతి స్వల్పంగా ఇచ్చే కార్బన్ మోనాక్సైడు. అది ఎర్రకణాలను విడువదు కనుక, రక్తం ఎక్కడ ఎంత నిలిచి ఉన్నదో చెప్పి, మిగిలిన లెక్కను సవరిస్తుంది. మొదటి రెండు వాయువులను కొన్ని నిమిషాలు విడువకుండా పీల్పిస్తే, వచ్చేది, పోయేది, తరిగేది సరితూగి మెదడులో చిత్రం స్థిరపడుతుంది. 1980లో హామర్‌స్మిత్‌లో ఫ్రాకోవియాక్, లెంజి, జోన్స్, హెదర్ గారలు ఈ పద్ధతితో ఆరోగ్యవంతుల మెదడు లెక్కలు కట్టినారు. తూము దగ్గర వచ్చిన ప్రాణవాయువులో సగానికి కాస్త తక్కువ మాత్రమే మెదడు మామూలుగా తీసుకొని, తక్కినది విడిచిపెడుతుంది.

ఆ విడిచిపెట్టిన భాగమే ఆపదలో ఆదుకొనే వెసులుబాటు. మెడలో ధమని మూసుకొని ప్రవాహం సన్నగిల్లితే, మెదడు వెంటనే చావదు. వచ్చిన కొద్ది రక్తంలో నుండే హెచ్చు పాలు ప్రాణవాయువును పిండుకొని ప్రాణం నిలుపుకొంటుంది. పంట కాలువ సగానికి ఇంకినప్పుడు రైతు చుక్క నీటిని కూడా మురుగుకు పోనివ్వనట్లే ఇది. 1981లో ఫ్రాన్సులో జాన్-క్లోడ్ బారన్ బృందం ఒక రోగి మెదడులో ఈ స్థితిని స్పష్టంగా పట్టుకొని, దానిని దైన్యస్థితిలోని రక్తప్రసారం అన్నది. తలపై చర్మానికి రక్తం తెచ్చే ధమనిని మెదడు ధమనికి కుట్టి కలిపిన పిమ్మట ఆ దైన్యం తొలగినట్లు కూడా వారి చిత్రాలు చూపినవి.

ఎంత ఆశ కలిగి ఉండునో ఊహించండి! ఆ శస్త్రచికిత్సను 1967లో జ్యూరిచ్‌లో యాసర్‌గిల్ తొలిసారిగా చేసినారు. 1985లో 1,377 మంది రోగుల మీద జరిగిన పెద్ద పరీక్ష, అది పక్షవాతాన్ని ఆపలేదని తేల్చినది. అయితే ఆ పరీక్షలో దైన్యస్థితి ఉన్నవారిని వేరు చేసి చూడలేదు కదా అని కొందరు న్యాయమైన ప్రశ్న వేసినారు. అందుకని అమెరికాలో విలియం పవర్స్ ప్రభృతులు, పీల్చిన ప్రాణవాయువుతో కొలిచి, దైన్యస్థితి కనిపించిన 195 మందిని మాత్రమే ఎన్నుకొని మరొక పరీక్ష జరిపినారు. ఫలితం 2011లో వెలువడినది. రెండేండ్లలో పక్షవాతం పాలైనవారు శస్త్రచికిత్స పొందిన వర్గంలో నూటికి 21.0, మందులతోనే ఉన్నవర్గంలో 22.7. చెప్పుకోదగిన భేదం లేదు. కొత్త ధమని చక్కగా పనిచేసినది; ప్రాణవాయువు లెక్క మెరుగుపడినది. కాని కత్తి పెట్టిన తొలి నెలలోనే నూటికి 14 మందికి పైగా పక్షవాతం వచ్చినది. మందులు వాడినవారు అనుకొన్న దానికంటె బాగున్నారు. కొలత అబద్ధం చెప్పలేదు. కొలత సరిగా ఉన్నంత మాత్రాన చికిత్స ఫలిస్తుందని హామీ లేదని వైద్యలోకం ఖరీదైన పాఠం నేర్చుకొన్నది.

ఈ విద్య మరొక ఆశ్చర్యాన్నీ మిగిల్చినది. 1986లో సెయింట్ లూయిస్‌లో ఫాక్స్, రైక్లీ అనే శాస్త్రజ్ఞులు, వేళ్ళకు కంపనం కలిగించి మెదడులో స్పర్శకు సంబంధించిన చోటును కొలిచినారు. రక్తప్రవాహం నూటికి 29 పాళ్ళు పెరిగినది. ప్రాణవాయువు వాడకం 5 పాళ్ళు మాత్రమే. అవసరానికి మించి రక్తం వస్తున్నదన్న మాట. అందువల్ల ఆ చోటి సిరలలో ప్రాణవాయువు హెచ్చుగా మిగిలిపోతుంది. ప్రాణవాయువు విడిచిన హీమోగ్లోబినుకు అయస్కాంతం పట్ల వేరు గుణముందని పాలింగ్, కోరియెల్ గారలు 1936లోనే చెప్పి ఉన్నారు. జపాను శాస్త్రజ్ఞుడు సెయిజి ఒగావా 1990లో అమెరికాలో ఎలుకల మెదళ్ళ మీద ఆ గుణాన్ని వినియోగించి, ఏ రేడియోధార్మిక పదార్థమూ లేకుండా మెదడు పనిని చిత్రించే దారి చూపినారు. ఈనాడు పత్రికలలో మనం చూచే రంగురంగుల మెదడు చిత్రాలలో అనేకం ఆ సంతతివే.

పీల్చే ప్రాణవాయువుతో కొలవడం నేటికీ సైక్లోట్రాను దగ్గరున్న కొద్ది చోట్లనే సాధ్యం. మన నగరాలలో కాన్సరును వెదకడానికి వాడే పెట్ స్కానులలో హెచ్చుగా ఉండేది ఫ్లోరిన్-18; దాని అర్ధాయువు 110 నిమిషాలు కనుక బండిలో తీసుకొని పోవచ్చు. అయినా, కొత్త పద్ధతులు మెదడు ప్రాణవాయువు వాడకాన్ని సరిగా చెబుతున్నవా అని సరిచూడవలసి వచ్చినప్పుడు, శాస్త్రజ్ఞులు ఇంకా ఈ పాత పద్దునే తెరిచి చూస్తున్నారు.

ఇంటిల్లిపాదికీ పనికివచ్చే మాట ఒకటి చెప్పి ముగిస్తాను. ఎవరికైనా హఠాత్తుగా మూతి వంకర పోయినా, చేయి బలం తప్పినా, మాట తడబడినా, కాసేపు చూద్దామని ఊరుకోవద్దు. ఆ వేళ మెదడులో ఒక మూల, వచ్చే కొద్ది రక్తాన్ని పిండుకొని ఇంకా బ్రతికే ఉండవచ్చును. అది ఎంతసేపు ఓర్చుకొంటుందో బయటినుంచి ఎవరికీ తెలియదు. గడ్డను కరిగించే మందు పనిచేసేది తొలి గంటలలోనే. ఆ రోగిని వెంటనే పెద్ద ఆస్పత్రికి చేర్చండి.